ఒక్క తలుపు ఇల్లు

"వాసన రాందే గడ్డి తియ్యబాక."

"తియ్యన్లెండి. అది కూడా నాకు చెప్పాలా? ముందు మీరు ఎల్లిరండి, ఎండెక్కుతంది."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఇంతకంటే మంచి మాటలేవైనా ఉండాల్సింది. కానీ లేవు, ఉన్నవే చెబుతున్నాను, ఉన్నట్టే రాయి. ఆయన చిన్న రసాల మామిడిపళ్ళ గంపలు బండికెత్తుకుని హనుమాన్ జంక్షన్‌కి బయల్దేరాడు. అక్కడ గంపలన్నీ లారీలోకి ఎక్కించి, లారీ కదిలిపోయాక ఖాళీ బండి నీడన కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. చెంబుతో నీళ్ళు తెచ్చిన మనిషి వచ్చేసరికి చక్రానికి ఒరిగిపోయి ఉన్నాడు. పొద్దుగూకే వేళకు అదే బండి మీద ఇంటికి తెచ్చారు.

ఇంట్లో ఆయన్ని పడుకోబెట్టడానికి చోటు లేదు. మూడు గదుల ఇల్లు. ముందు గదిలోనూ మధ్య గదిలోనూ కాయలు ముగ్గేసి ఉన్నాయి. నువ్వు పట్నం పిల్లవి, ముగ్గెయ్యడం నీకు తెలియదు కాబట్టి చెబుతాను. నేల మీద వరిగడ్డి పరిచి, పచ్చికాయలు వరసలుగా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, గాలి ఆడకుండా తలుపులు మూసేస్తారు. నాలుగైదు రోజులకు గది వేడెక్కి, తలుపు సందుల్లోంచి పండు వాసన వస్తుంది. అప్పటిదాకా గడ్డి కదపకూడదు. ఆత్రపడి మధ్యలో తీస్తే గాలి తగిలి కాయ ముడతపడుతుంది, ఇంక పండదు, తోలులా సాగుతుంది. అందుకని ఆయన్ని వసారాలోనే పడుకోబెట్టారు.

నేను మాట తప్పలేదు, గడ్డి తియ్యలేదు. తీద్దామన్నా మూల కూర్చోబెట్టిన మనిషిని లేవనివ్వరు కదా. ఐదో రోజున వాసన వచ్చింది. ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపి ఆ తలుపు వైపు చూశాను. పలకరింపుకు వచ్చిన ఆడవాళ్ళు కూడా చూశారు. మా బావగారు, అంటే ఆయన అన్నగారు, తలుపు తీయించి కాయ ఏరించి బండ్లకెత్తించారు. మిగిలిన పండ్లు దినం భోజనాల్లోకి వచ్చాయి. బాగా పండాయని తిన్నవాళ్ళందరూ అన్నారు.

ఇదంతా ఏ సంవత్సరమో నాకు సరిగ్గా చెప్పడం రాదు. అరవైలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. మీ అమ్మ నాలుగో తరగతి చదువుతోంది.

ఆ ఇల్లు ఊళ్ళో ఉండేది కాదు. నూజివీడు నుంచి చాట్రాయి పోయే రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే తోట, తోట మధ్యలో మా ఇల్లు. మట్టిగోడల పెంకుటిల్లు. ఒక్క గోడ కూడా ఇంకొకరి గోడకు ఆనుకుని లేదు, చుట్టూ ఎటు చూసినా చెట్లే. ముందు వీధి తలుపు, వంటింట్లోంచి దొడ్డి తలుపు. నా గొంతు ఇలా గరగరలాడుతుందని నువ్వు నవ్వుతావు కానీ ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన తోట ఆ చివర ఉంటే అన్నానికి ఇక్కణ్ణుంచే కేకేసేదాన్ని. చిలకలు వాలితే కేక, కోతులు దిగితే కేక. కాయ ఉన్న రెండు నెలలూ తెల్లారకముందే లేచి డబ్బా కొడుతూ అరిచేదాన్ని. పన్నెండేళ్ళు అరిస్తే ఏ గొంతైనా ఇలాగే అవుతుంది.

ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు మిగిలిన సుఖం దొడ్డి తలుపు ఒక్కటే. నుదుట బొట్టు లేని మనిషి ఎదురొస్తే పని మీద బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి, లోపలికెళ్ళి, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, నేనూ అంతకుముందు అలా వెనక్కి తిరిగినదాన్నే. దొడ్డి తలుపు తీస్తే మాత్రం ఎవరూ ఉండరు. తల విరబోసుకుని నిలబడ్డా, ఆయనతో మాట్లాడుతున్నట్టు పైకే మాట్లాడుకున్నా చెట్లకేం పట్టదు.

అలాగని ఆ ఇల్లు స్వర్గమేం కాదు. తోట అంతా బావగారి చేతిలోకి వెళ్ళింది. నాకు ఇల్లూ, ఏటా ఇంత గింజలూ అన్నారు. దొంగల భయమని తోట చుట్టూ ముళ్ళకంప నాటించారు. బయటికి దారి ఒక్కటే ఉంచారు, అది రోడ్డు పక్కనున్న వాళ్ళ ఇంటి వాకిట్లోంచి. నేను ఆ వాకిలి ఎప్పుడు దాటాలో ఎప్పుడు దాటకూడదో మా తోడికోడలు చెప్పేది. వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూసి, "ఆగు, బండి పోనీ... ఆఁ, ఇప్పుడు పో" అనేది. నాకంటే పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ "ఇప్పుడు పో" అన్న మాట చెవిలో పడినప్పుడల్లా ఒంటి మీద చీర జారిపోయినట్టు ఉండేది. అందుకని బయటికి పోవడమే మానేశాను.

వేరే గడప తొక్కడానికి కూడా లేదు. మొగుడు పోయినదాన్ని పుట్టింటివాళ్ళు వచ్చి నిద్రకు తీసుకెళ్ళాలి. అక్కడ మూడు నిద్రలు చేస్తేనే ఆ తరవాత నలుగురిళ్ళకు వెళ్ళొచ్చు. అది నెలలోపే జరగాల్సింది. నా పుట్టింటివైపు మిగిలింది మా అన్నయ్య ఒక్కడే, నూజివీడులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ముందు వాళ్ళింట్లో పెద్దపిల్ల పెళ్ళన్నారు, తరవాత సీమంతమన్నారు. శుభకార్యాల ఇంటికి నన్నెలా తీసుకెళతారు? అలా ఏడాది గడిచింది. ఏడాదిపాటు నేను దాదాపు కంపకు ఇవతలే ఉన్నాను.

మళ్ళీ కాయ దిగే రోజులొచ్చాయి. ఒకరోజు అన్నయ్య వచ్చి బావగారి అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడి, తరవాత మా ఇంటికి వచ్చాడు. మీ అమ్మకు ఐదో తరగతి అయిపోయింది, దగ్గర్లో ఉన్న బడి అంతవరకే. పై చదువుకు నూజివీడు వెళ్ళాలి.

"అమ్మాయ్, నీకో మంచి మాట చెప్తా విను" అన్నాడు. "నూజివీడులో వరసిళ్ళున్నాయి, ఆరు వాటాలు. అందులో ఒకటి అమ్మకానికొచ్చింది. మీ బావగారు అది కొని నీ పేర పెడతానంటన్నారు. ఈ ఇల్లు ఆయనకి వదిలేస్తే చాలు."

"ఈ ఇల్లు ఆయనకెందుకు?"

"కాయ ముగ్గెయ్యటానికంట. ఈ మట్టిగోడలకి పట్టినంత వేడి ఇంకే ఇంటికీ పట్టదంటన్నారు. ఇద్దరికి మూడు గదులెందుకు చెప్పు? అక్కడైతే రెండు గదులు, బల్బు, బావి. బడి నాలుగడుగులు. పిల్ల నీ దగ్గరే ఉండి చదువుకుంటది."

"నిద్రన్నా చెయ్యకుండా ఇల్లెట్టా మారతా?"

దానికీ ఉపాయం ఆలోచించే వచ్చాడు. ఆ ఖాళీ వాటాలోనే మూడు నిద్రలు చేయిస్తానన్నాడు. తీసుకెళ్ళేది పుట్టింటివాడే కాబట్టి నిద్ర చెల్లుతుంది, ఇల్లు ఎలా ఉందో నాకూ తెలుస్తుంది. "మూడో నిద్ర అయిన తెల్లారే వస్తా. ఊఁ అన్నావంటే ఆ రోజే కాయితం రాయించేద్దాం. ఆ ఇంటాయన ఇంక ఆగడు."

వెళ్ళాం. చాప, ఒక పెట్టె, నాలుగు గిన్నెలు పట్టుకుని నేనూ మీ అమ్మా.

ఇల్లు చెడ్డదని అనను. గచ్చునేల, తెల్లగా సున్నం కొట్టిన గోడలు. మీ అమ్మ బల్బు వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి, అది వేడెక్కుతోందో లేదో చూడాలని కుర్చీ కోసం వెతికింది. ఆ సాయంత్రానికే పక్క వాటాల ఆడపిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడింది. తోటలో దానికి తోటిపిల్లలే లేరు. అది అంత గట్టిగా నవ్వడం ఏడాది తరవాత అప్పుడే విన్నాను.

నేను మాత్రం వంటగదిలోకి వెళ్ళి వెనక గోడ తడిమి చూశాను. ఇటు గోడ పక్కవాళ్ళది, అటు గోడ అటువాళ్ళది, వెనక గోడ ఇంకో వీధివాళ్ళది. తలుపు ఒక్కటే, అది వీధిలోకి. బావి కూడా వీధిలోనే, వరస చివర. మరుగుదొడ్డి బావి పక్కన.

మర్నాడు తెల్లవారుతుండగా తప్పు పని చేశాను. ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాను. పైనుంచి చిలకల గుంపు అరుచుకుంటూ పోతోంది. ఆ అరుపు చెవిలో పడగానే నేనెక్కడున్నానో మరిచిపోయాను. చేతికందిన చెంబూ గరిటే పట్టుకుని, తలుపు బార్లా తీసి, గడప మీద నిలబడి, "హోయ్! హోయ్! పో, పో, హోయ్!" అని తోటంతా వినపడేట్టు అరిచాను. చెంబు టంగుటంగున మోగించాను. అక్కడ తోట లేదు. పది అడుగుల వీధి ఉంది.

అటు రెండు, ఇటు మూడు, అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. నోట్లో వేపపుల్లతో ఒకాయన, పంచె ఎగ్గట్టి కర్రతో ఇంకొకాయన.

"దొంగా? ఎటు పోయాడు?"

"పామేమోరా, చూసి అడుగెయ్యి!"

"చిలకలండీ" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ఎవరో ఫక్కున నవ్వారు, నేనూ నవ్వబోయాను. అప్పటికి వెలుగు వచ్చింది. నా మొహం కనిపించింది. నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళిపోయారు, తలుపులు మూసుకున్నాయి. ఐదు ఇళ్ళవాళ్ళూ ఆ రోజు మొట్టమొదట చూసిన మొహం నాది.

అందులో పక్క వాటా కుర్రాడు ఒకడు. తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉన్నాడు. మొదటి బస్సుకి మైలవరం పెళ్ళిచూపులకు వెళ్ళాలట. వెళ్ళలేదు, మర్నాటికి మార్చుకున్నారు. కాసేపటికి వాళ్ళమ్మ వచ్చింది. పసుపు రాసుకున్న మొహం, మెత్తటి మాట. వాళ్ళాయన గుళ్ళో అర్చకులు.

"చిలకల్ని తోలితే తోలారు గానీ, మావాడి సంబంధం కూడా తోలేసేట్టున్నారే!" అంది నవ్వుతూనే.

"మరిచిపోయానండి. తోటలో అలవాటు."

"అయ్యో, మిమ్మల్ని అనటం లేదండీ. ఏమనుకోకండేం? మగవాళ్ళు ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళేదాకా తలుపు దగ్గరగా వేసుకోండి, చాలు. ఆ తరవాత వీధంతా మీదే."

చెడ్డ మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే మీ అమ్మ చేత గిన్నెడు మజ్జిగపులుసు పంపింది. ఆ కుర్రాడు కూడా మర్నాడు నేను కంటపడకుండా వెళ్ళాడు, సంబంధం కుదిరింది. ముందురోజు వెళ్ళి ఉంటే పిల్ల మేనమామ ఊళ్ళోనే లేడట, మాటలు జరిగేవే కావట. గోడ ఇవతల నాకు అంతా వినిపించింది. ఆ మేలు మాత్రం ఎవరూ నాదనలేదు.

ఆ గోడల్లోంచి వినిపించనిది లేదు. అటు ఆయన దగ్గు, ఇటు రోకలి పోటు. నేను తుమ్మితే వాళ్ళు ఒక్క క్షణం మాటలు ఆపేవాళ్ళు. మీ అమ్మను అన్నానికి పిలవాలన్నా దగ్గరికెళ్ళి చెవిలో చెప్పేదాన్ని. గుసగుసగా మాట్లాడటం నాకు రాదు, ఈ గొంతుతో గుసగుసలాడితే రంపం కోసినట్టు ఉంటుంది.

రెండో నిద్ర తెల్లారి ఖాళీ బిందె చంకలో పెట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. తలుపు సందులోంచి చూస్తే ఎవరో సైకిలు తుడుస్తున్నారు. వెళ్ళాడనుకుంటే ఇంకొకాయన వచ్చాడు. నీళ్ళకు ఆగగలను, ఇంకొక అవసరానికి ఎంతసేపని ఆగుతాం? పొత్తికడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. మీ అమ్మ చూసింది. నేను అడక్కుండానే తలుపు తీసుకుని గడప మీదికి వెళ్ళి, ఆడుకుంటున్నట్టు నిలబడి, అటూ ఇటూ చూసింది.

"ఆగమ్మా... పాలాయన ఉన్నాడు... సైకిలాయన ఎక్కాడు... మలుపు తిరిగాడు... ఆఁ, ఇప్పుడు రా!"

వెళ్ళాను. ఆ రోజు నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ అదే చూసి చెప్పింది. దానికది ఆటలా ఉంది. మూడోసారి నేను తలుపు సందులోంచి చెయ్యి ఊపేసరికి తొక్కుడుబిళ్ళలో దాని వంతు వచ్చింది. బిళ్ళ చేతిలో పట్టుకునే, వంతు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిల్లలు అరుస్తున్నారు, "ఏయ్, నీ ఆట పోయిందే!" అని.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు దానికి జడ వేస్తున్నాను. నాకు వీపు పెట్టి కూర్చుని అంది:

"ఈ ఇల్లు బాగుందమ్మా. ఇక్కడే ఉందాం. నువ్వేం భయపడబాక, నేను రోజూ బడికెళ్ళే ముందు చూసి చెప్తాలే. వచ్చాక కూడా చెప్తా. పెద్దయ్యాక కూడా చెప్తా."

నా చేతిలో జడ ఆగిపోయింది. మా తోడికోడలు వాకిట్లో నిలబడి అనే మాటే, నా పిల్ల నోట్లోంచి ప్రేమగా వస్తోంది. అది రోజూ నాకంటే ముందు గడప మీదికి వెళుతుంది. ఎవరు వస్తున్నారో, ఎవరు వెళుతున్నారో చూస్తుంది. వాళ్ళమ్మ ఎవరి కంట పడకూడని మనిషో రోజూ నాలుగుసార్లు నేర్చుకుంటుంది. రేపు దానికి పెళ్ళిచూపులైతే, ఆ పొద్దున కూడా నన్ను దాచడానికి అదే తలుపు దగ్గర నిలబడుతుంది. బడి నాలుగడుగుల్లో ఉంది, నిజమే. పిల్ల నా దగ్గరే ఉంటుంది, నిజమే. నా దగ్గర ఉండటమంటే ఇది.

మూడో నిద్ర అయిన తెల్లారే అన్నయ్య వచ్చాడు, చంకలో కాయితాల సంచితో.

"ఊఁ, ఏం అనుకున్నావు?"

"వద్దన్నయ్యా. తోటకే పోతా."

"అదేంటి! నీ బాధేంటమ్మాయ్? బల్బుంది, బావి ఉంది, బడుంది!"

"తలుపు ఒక్కటే ఉంది."

"ఇద్దరు మనుషులకి ఎన్ని తలుపులు కావాలంట? నేను ముగ్గురు పిల్లలతో ఒక్క తలుపింట్లోనే ఉంటన్నాగా!"

పిల్ల అక్కడే ఉంది, అసలు మాట చెప్పలేకపోయాను. "నాకు ఇక్కడ గాలాడట్లా" అన్నాను. గాలాడకపోవడం ఏమిటి, వీధి తలుపు ఎదురుగాలికే ఉంది. అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. బావగారితో ఏం చెప్పాలి, ఆ ఇంటాయనతో ఏం చెప్పాలి అన్నాడు. చివరికి విసుగొచ్చి, "నీ మొండితనానికి పిల్ల చదువెందుకు చెడగొడతావు? దాన్ని నా దగ్గరన్నా వదులు, నా పిల్లలతోపాటు బడికి పోతది" అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచే రావాలని నేను చూస్తున్నాను. వెంటనే సరేనన్నాను.

మీ అమ్మ ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "మరి అక్కడ నీకెవరు చెప్తారమ్మా?" అంది.

"అక్కడ రెండు తలుపులున్నాయి కదే" అన్నాను.

చాట్రాయి బస్సెక్కి ఒక్కదాన్నే వచ్చాను. బావగారి వాకిలి దాటి, ఇల్లు కనపడగానే నాకు తెలిసిపోయింది. వసారాలో మా ఆయన నులకమంచం నిలువుగా గోడకు ఆనించి ఉంది, గిన్నెలూ బట్టలూ గంపలకెత్తి దాని పక్కన పెట్టారు. తలుపు గొళ్ళెం తీస్తే మోకాలి ఎత్తు గడ్డి. ముందు గది, మధ్య గది, వంటిల్లు, మూడూ నింపేశారు. పొయ్యి మీద కూడా గడ్డే. పండు వాసన ఇంకా లేదు, కోసిన కాయల జీడి వాసన, ఎండుగడ్డి వాసన. వెయ్యడం వేసి ఒకరోజు కూడా అయ్యుండదు.

తిరిగి బావగారి వాకిట్లోకి వచ్చాను. జంక్షన్‌కి బయల్దేరబోతూ రెండు బండ్లు కట్టి ఉన్నాయి. బావగారు గంపల తాళ్ళు బిగించి చూస్తున్నారు. ఆయన ముందు నిలబడి ఎన్నడూ మాట్లాడినదాన్ని కాదు, ఏదైనా ఉంటే తలుపు చాటు నుంచి అక్కతో చెప్పించేదాన్ని. ఆ రోజూ అక్కతోనే మొదలుపెట్టాను.

"అక్కా, నా ఇంట్లో కాయేశారేంటి?"

బావగారే జవాబిచ్చారు. "ఎటూ ఊళ్ళోకి పోతన్నావని ఏశాం. పోవట్లేదా? సరే, నిన్ననే ఏసిన కాయ. ఇప్పుడు కదిపితే ఒక్కటి పండదు, నీకు తెలియంది కాదు. నాలుగు రోజులు వసారాలో సర్దుకో."

నాకు తెలియంది కాదు. అందుకే నాలుగు రోజులకు ఈ విడత దిగితే ఆ వెంటనే ఇంకో విడత వేస్తారని కూడా తెలుసు. చిన్న రసాలయ్యాక పెద్ద రసాలు, ఆ తరవాత బంగినపల్లి. సీజను అయ్యేసరికి నేను వసారా మనిషినవుతాను, వచ్చే ఏడుకి వసారా కూడా ఎందుకంటారు. అటు వరసింటికి వద్దని చెప్పి వచ్చాను. ఇటు ఇల్లు లేదు. చుట్టూ కంప.

ఏం ఆలోచించానో నాకిప్పటికీ తెలియదు. కాళ్ళే నడిచాయి. కంప మధ్య ఉన్న ఒకే ఒక్క దారిలోకి వెళ్ళి, ముందు బండి ఎడ్లకు ఎదురుగా నిలబడ్డాను. తల మీది కొంగు తీసేశాను. బండివాడు చటుక్కున పగ్గాలు లాగాడు.

"అమ్మాయ్, పక్కకి జరుగు. బండ్లు బయల్దేరే యేళ."

"జరగను."

"దీనికేవన్నా పట్టిందా ఏంటి?" అంది అక్క. నా వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. బావగారు నన్ను ముట్టుకోకూడదు, తమ్ముడి భార్యను. బండివాడు ముట్టుకోడు. ఎడ్లు నా మొహంలోకి చూస్తూ నెమరేస్తున్నాయి.

అప్పుడు ఈ గొంతు పెట్టాను. "మూడు రోజులు ఎవరికీ ఎదురు రాకుండా తలుపెనక దాక్కున్నా బావగారూ. కడుపుబ్బిపోయేదాకా దాక్కున్నా. ఇవాళ్టి నుంచి మీ ప్రతి బండికీ ఎదురొస్తా. ఇక్కడే తింటా, ఇక్కడే పడుకుంటా. ఒక్క గంప జంక్షన్‌కి ఎట్టా పోతదో చూస్తా!"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. లారీ ఆగదని బండివాడు గొణిగాడు. బావగారి మెడ నరం ఉబ్బింది. చివరికి ఆయన నన్ను కాక ఎడ్లను చూస్తూ అడిగారు:

"ఏం కావాలి నీకు?"

"నా ఇల్లు."

"మూడు గదులూ ఇప్పుడు తీస్తే కాయంతా నాశనం. అది అయ్యే పని కాదు."

"అయితే వంటిల్లు ఖాళీ చేయించండి. ఇయ్యాలే."

దొడ్డి తలుపు వంటింట్లోనే ఉంది కాబట్టి అదే అడిగాను. మూడు గదులకే పట్టుబట్టాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఆ క్షణాన నాకు ఆ తలుపు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ఆయన తల ఊపారు. నేను పక్కకు జరిగాను. అయినా బండ్లు వెంటనే కదల్లేదు. ఎడ్లను విప్పి, నీళ్ళు పెట్టి, కాసేపు ఆగి, మళ్ళీ కట్టుకుని వెళ్ళారు.

గడ్డి నేనే తీశాను. మా ఆయన చెప్పిన మాట అప్పుడొక్కసారి తప్పాను, వాసన రాకుండానే తీశాను. వంటింటి కాయంతా గంపలకెత్తి వసారాలో పెట్టాను. పది రోజులు ఉన్నా ముడతలు పడ్డాయే గానీ పండలేదు. ఒకటి కొరికి చూశాను. పచ్చికాయ పులుపూ లేదు, పండు తీపీ లేదు. ఎవరూ తినక పశువులకు వేశారు.

వంటింటికీ మధ్య గదికీ మధ్యనున్న తలుపును అటువైపు నుంచి బావగారు చెక్కలు పెట్టి కొట్టించారు. దాంతో నాకు మిగిలింది ఒక గది, ఒక తలుపు. వరసిళ్ళలో రెండు గదులన్నా ఉండేవి. పదిహేనేళ్ళు అందులో ఉన్నాను. కాయ దిగే రోజుల్లో గోడ వెచ్చగా కాలేది, వీపు ఆనించడానికి ఉండేది కాదు. ఐదో రోజుకి చెక్కల సందుల్లోంచి వాసన వచ్చేది. నేను ఇవతల నుంచే కేకేసి చెప్పేదాన్ని, "వచ్చింది, తీసుకోండి!" అని. వాళ్ళు వచ్చి తీసేవాళ్ళు. ఒక్కసారి కూడా నా అంచనా తప్పలేదు. దొడ్డి తలుపు తీస్తే చెట్లు, చెట్ల చివర కంప. అంతవరకు నడిచి తిరిగి వచ్చేదాన్ని.

మీ అమ్మ సెలవులకు వచ్చేది. మొదట్లో నా పక్కనే పడుకునేది, తరవాత ఉక్కపోస్తోందని వసారాలోకి వెళ్ళేది, ఆ తరవాత సెలవులకు రావడం తగ్గింది. వాళ్ళ మామయ్య ఇంట్లో పెరిగింది, వాళ్ళ ఇంటి నుంచే పెళ్ళికూతురైంది. బయల్దేరే వేళ నేను వాళ్ళ ఇంటి వెనక సందులో ఉన్నాను. ఎవరూ నన్ను ఉండమనలేదు, నేనే ఉన్నాను.

ఇప్పటికీ ఏదైనా మాటామాటా వస్తే అడుగుతుంది. "ఆ వరసింట్లో ఉండి ఉంటే నేను నీ దగ్గర పెరిగేదాన్ని కదా. నీకు నాకంటే ఆ తోటే ఎక్కువైంది" అంటుంది. ప్రతిసారీ గాలాడలేదనే చెప్పాను. దాని తప్పేమీ లేని మాటను దాని మెడకే ఎలా కట్టేది? "నేను రోజూ చూసి చెప్తాలే" అన్నావు, అందుకే అని ఎలా చెప్పేది? దానికా మాట గుర్తుందో లేదో కూడా తెలియదు. నేను చేసింది సరైనదేనా అంటే అదీ తెలియదు. పిల్లను గడప మీద నిలబెట్టకూడదనుకున్నాను, అసలు నా గడపలోనే లేకుండా చేసుకున్నాను.

ఇంక చాలు, గొంతు పోతోంది. ఏదీ, రాసింది మొదట్నుంచీ చదివి వినిపించు. ఆగు, మీ అమ్మ వంటింట్లోనే ఉంది కదూ? ఆ తలుపు వెయ్యబాక. కాస్త గట్టిగా చదువు.